ఎడమవైపు వాలిన కుట్టు

చేతికి తొడిగిన తెల్ల గ్లోవ్స్ తీసి పక్కన పెట్టాను. మ్యూజియం అమ్మాయి వెళ్తూ వెళ్తూ, "అమ్మా, గ్లోవ్స్ మాత్రం తియ్యకండి, చేతి చెమట తగిలితే పాత తోలు పాడైపోతుంది" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. మంచి పిల్ల, చదువుకున్న పిల్ల, కానీ తోలు సంగతి నాకు చెబుతోంది. గుడ్డ చుట్టుకున్న వేలికి తోలు గురించి ఏం తెలుస్తుంది? నలభై ఆరేళ్ళు పోలీసుల గోదాములో ఎలకల మధ్య పడి ఉన్న బూట్లు నా చెమటకి పాడవుతాయా? గది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి గుండ్రటి గడియారం, కిటికీ కింద గది వెచ్చబరిచే ఇనప గొట్టం, అది టిక్కుటిక్కుమంటూ గడియారంతో పోటీ పడుతోంది. పొద్దున్న పదిన్నర. పదకొండున్నరకి కమిటీవాళ్ళు వస్తారట. ఈలోగా నేను ఈ బూట్లు చూసి, పక్కనున్న కాగితం చదివి, అడుగున గీత గీసిన చోట సంతకం పెట్టాలి. కాగితం మీదున్నది నాలుగు ముక్కలే. అడవి మనిషి బూట్లు, నలభై మూడు రోజుల గాలింపులో వేసుకున్నవి, అడుగు కుట్టు ఎడమచేతివాటం మనిషి పని, కాబట్టి ఇవి అతను స్వయంగా కుట్టుకున్నవి, ఏదో దేశం సైన్యంలో బూట్లు కుట్టే పని చేస్తూ పారిపోయి వచ్చినవాడని పరిశోధకుల అభిప్రాయం. దాని కింద, చూసి ధ్రువపరిచినవారు, బూట్ల తయారీ నిపుణురాలు. నిపుణురాలట. మా నాన్న వింటే ఏమనేవాడో.

ఏమీ అనేవాడు కాదు. ఆయన బతుకులో ఎవరి పనినైనా మెచ్చుకున్నాడు గనకనా. చూసి "ఊ" అనేవాడు. ఆ ఊ కోసం నేను యాభై ఏళ్ళు ఆ కొట్లో ముక్కాలిపీట మీద నడుం విరగ్గొట్టుకున్నాను. ఆయన పోయి పందొమ్మిదేళ్ళయినా ఒక జత పూర్తి చేసి కింద పెట్టగానే ఇప్పటికీ ఒక్క క్షణం చెవి రిక్కిస్తాను, సిగ్గులేకుండా.

సంతకం పెట్టను. కుడికాలి బూటు తిరగేసి కిటికీ వెలుగుకి పట్టగానే తెలిసిపోయింది. ఈ కుట్టు నాది. అడవి మనిషిది కాదు, ఏ సైన్యానిదీ కాదు, నాది. కుడిచేత్తో ఆరె పట్టుకుని తోలుకి బెజ్జం పొడిచేవాళ్ళ కుట్టు ఒకవైపు వాలుతుంది, ఎడమచేత్తో పొడిచేవాళ్ళది రెండోవైపు వాలుతుంది, చేతిరాత వాలినట్టే. అంతవరకు పరిశోధకులు కూడా పట్టుకున్నారు, బాగానే ఉంది, వాళ్ళ కళ్ళజోళ్ళు వృథా పోలేదు. కానీ మడమ దగ్గర కుట్టు ముగిసే చోట దారం వెనక్కి తిప్పి నాలుగు కుట్లు వేసి ఉన్నాయి. నాన్న రెండే వేసేవాడు. లోకంలో అందరూ రెండే వేస్తారు. చివర ఊడిపోతుందేమో, నాన్న తిడతాడేమో అని భయపడి నాలుగు వేసేది నేనొక్కదాన్నే, పద్నాలుగేళ్ళప్పుడు. ఎడమకాలిది తిరగేశాను. నాలుగు. వేలితో తడిమాను. నాలుగే. బూటు ముందుభాగంలో తోలు అరిగి అరిగి కాగితంలా అయిపోయింది, ఇంకో వారం నడిచి ఉంటే కాలి వేలు నేలకి తగిలేదేమో, అయినా దారం తన గాడిలో తను కదలకుండా కూర్చుని ఉంది. చుట్టూ వెతికాను, ఎక్కడైనా తెగిందా అని. తెగలేదు. రెండు బూట్లలో ఒక్కటంటే ఒక్క కుట్టు తెగలేదు.

నలభై మూడు రోజులు. ఆ చలికాలానికి పుట్టి ఉన్నవాళ్ళెవరూ ఆ లెక్క మర్చిపోరు. అడవిలో నది వంపు దగ్గర కలప గుడిసె కట్టుకుని ఒక మనిషి ఉండేవాడు, ఎక్కడి నుంచి వచ్చాడో తెలీదు, పేరడిగితే నవ్వి ఊరుకునేవాడట, అందరూ అడవి మనిషి అనేవారు. పక్క వేటగాళ్ళ ఉచ్చులు తెంపేస్తున్నాడని ఫిర్యాదు వస్తే ఇద్దరు గార్డులు వెళ్ళి తలుపు కొట్టారు. తియ్యలేదు. నాలుగోసారి కొట్టేసరికి తలుపు లోంచే తుపాకీ పేలింది. ఒక గార్డు భుజం పోయింది. మర్నాటికల్లా వాడు గుడిసె ఖాళీ చేసి మంచులోకి వెళ్ళిపోయాడు, ఆ తర్వాత మూడొందల మంది, కుక్కలు, మా ఊరిమీంచి రోజూ ఎగిరిన విమానం, సాయంత్రం సాయంత్రం రేడియో చుట్టూ మూగిన జనం. విమానం చప్పుడు వినపడితే మేం పనులొదిలేసి వీధిలోకి పరిగెత్తేవాళ్ళం, అంతకుముందు విమానం చూసిన మొహాలా మావి. వాడు ఈ కొండ ఎక్కాడట, కాదు ఆ లోయలో ఉన్నాడట, తుపానులో కనుమ దాటాడట, ఆ కనుమ ఆ నెలలో మనిషన్నవాడు దాటలేడట. పెద్దవాళ్ళు వాడిని నోరారా తిట్టేవాళ్ళు, తిడుతూనే మధ్యలో ఆగి, ఎలా నడుస్తున్నాడ్రా బాబూ అనేవాళ్ళు. ఎలా నడుస్తున్నాడంటే, నా కుట్టు మీద నడిచాడు. రేడియో పక్కన నిలబడి నోరు తెరుచుకుని విన్న నాకే తెలీదు ఆ సంగతి. చివరికి గడ్డకట్టిన నది మధ్యలో చుట్టుముట్టి కాల్చారు. జేబులో కొంచెం ఉప్పు, కొవ్వొత్తి ముక్కలు, పళ్ళు విరిగిన దువ్వెన దొరికాయి గానీ పేరున్న కాగితం ముక్క దొరకలేదు. ఇప్పటికీ ఎవరికీ తెలీదు వాడెవడో. బూట్లు చూసి కనిపెడదామని ఈ పెద్దమనుషులంతా నానా తంటాలు పడి, తీరా కనిపెట్టింది నన్ను.

వరండాలో ఎవరో బల్లలు జరుపుతున్నారు. రేపటి ప్రదర్శన ప్రారంభానికి కాబోలు. పదీ నలభై ఐదు.

అంతకుముందు శరత్కాలంలో, అడుగుతోలు కోస్తూ ఉండగా కత్తి జారి నాన్న కుడి అరచెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకి తెగింది. అమ్మ చీపురు అక్కడే పారేసి వచ్చి పట్టుకుని కూర్చుంది, నాన్న మాత్రం చెయ్యి చూసుకోలేదు, కొట్లో వరసగా పెట్టి ఉన్న బూట్ల వంక చూశాడు. పదకొండు జతలు. తోళ్ళు కొనే వ్యాపారి అడవిలో వేటగాళ్ళ దగ్గర గోనెసంచిలో పోగేసి తెచ్చినవి కొన్ని, ఊళ్ళోవాళ్ళవి కొన్ని, అన్నిటికీ అడుగులు మార్చాలి, మంచు పడేలోగా ఇచ్చెయ్యాలి. ఏ జత ఎవరిదో నాకు తెలీదు, నేనడగలేదు, కుట్టేవాళ్ళకి పాదం కొలత కావాలి గానీ పాదం ఎవరిదైతే ఏం. నేను ఆరె అందుకున్నాను, ఎడమచేత్తో, నాకా చెయ్యే వాటం. నాన్న కాసేపు చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు. తొమ్మిది రోజులు. ఒక చేత్తో ఆరె, రెండు సూదులు, దారానికి మైనం పట్టించి పట్టించి వేళ్ళు నల్లబడి, దారం బిగించిన చోట చిటికెన వేళ్ళు కోసుకుపోయి, రాత్రిళ్ళు అమ్మ నూనె రాస్తే ఏడుపొచ్చేది, పొద్దున్న మళ్ళీ అదే పీట. నాన్న కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు. పూర్తయిన ప్రతి జతా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, బాగున్న చేత్తో అడుగు పట్టుకుని ఊడదీయడానికన్నట్టు లాగేవాడు. ఊడేది కాదు. ఊ. పదకొండుసార్లు అన్నాడు ఊ. లెక్కపెట్టుకున్నాను, ఎవరికి చెబితే ఏం సిగ్గు.

ఆ తర్వాత గాలింపు మొదలైన మూడో రోజు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. గుడిసె గుమ్మం ముందు బురదలో పడి గడ్డకట్టిన అడుగుజాడని ప్లాస్టర్ పోసి అచ్చు తీశారు, అరచేతిలో గీతల్లా కుట్టంతా కనబడుతోంది. అది గుడ్డలో చుట్టి తెచ్చి కొట్లో బల్ల మీద పెట్టి, "ఈ కుట్టు నీదేనా?" అన్నాడు. నేను లోపల గదిలో తోలు నానబెడుతున్నాను, తలుపు సందులోంచి నాన్న వీపు మాత్రం కనిపిస్తోంది. నాన్న చేతులు తుడుచుకుని అచ్చు తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి, వెలుగులో చాలాసేపు చూశాడు. అంతసేపు ఆయన దేన్నీ చూడగా నేను చూడలేదు. "నా కుట్టు కాదు సార్. నాది అటు వాలుతుంది, ఇది ఇటు వాలింది. నమ్మకం లేకపోతే కొట్లో ఉన్నవన్నీ తిరగేసి చూసుకోండి" అన్నాడు. వాళ్ళు తిరగేసి చూశారు. నిజమే. ఊళ్ళో ఇంకెవరైనా కుడతారా అన్నారు. లేరన్నాడు. లోపల గదిలో చేతులు నీళ్ళలో పెట్టుకుని నిలబడ్డ పిల్ల వంక ఇన్‌స్పెక్టర్ చూశాడు, మంచినీళ్ళిమ్మన్నాడు, తాగి గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. గ్లాసు ఏ చేత్తో అందుకున్నానో చూశాడా? లేదు. ఆడపిల్ల బూటుకి అడుగు కుడుతుందని వాడి బుర్రకి తట్టలేదు. వాడికే కాదు, ఆ తర్వాత పుస్తకాలు రాసినవాళ్ళకీ, ఈ పరిశోధకులకీ, కాగితం మీద మనుషుల్ని సైన్యాల నుంచి పారిపోయేలా చేసినవాళ్ళకీ తట్టలేదు. నన్ను అడగనివాళ్ళకి నేనెలా చెబుతాను.

అదిగో, ఆ సాయంత్రమే. ఇన్నేళ్ళుగా ఆ సాయంత్రాన్ని పళ్ళ మధ్య పెట్టుకుని నములుతున్నాను. నాన్న నా ఎడమచేతిలోంచి ఆరె లాక్కుని కుడిచేతిలో పెట్టాడు. "ఆ చేత్తో పనికిరాదు" అన్నాడు. ఎందుకు అంటే, "పనికిరాదంటే పనికిరాదు". మర్నాటి నుంచి ఇల్లిల్లూ, గాలింపుకి జడిసి ఊళ్ళోకి వచ్చేసిన వేటగాళ్ళ దగ్గరికీ తిరిగాడు, దారం నాసిరకం వచ్చింది, ఊరికే మళ్ళీ కుట్టిస్తానని చెప్పి, నేను కుట్టిన పది జతలూ ఒక్కొక్కటే వెనక్కి తెచ్చాడు. తెచ్చి నా కళ్ళముందే దారాలు కోసి, పీకి, ఇంకా పచ్చిగా ఉన్న అరచేత్తోనే మళ్ళీ కుట్టాడు. పుండు పగిలి నెత్తురు కారి పైతోలు మీద పడితే తుడిచి కుట్టాడు. పదకొండోది మాత్రం దొరకలేదు, వ్యాపారిని అడిగితే అడవికి పోయిందన్నాడట. కోసి పారేసిన నా దారాలు నేల మీద కుప్పగా పడి ఉండటం చూసి నాకు చచ్చిపోదామనిపించింది. పదకొండుసార్లు ఊ అన్నవాడు, కడుపులో అంత అసహ్యం పెట్టుకున్నాడా అనుకున్నాను. నాలుగేళ్ళు నాకు అడుగు కుట్టే పని ఇవ్వలేదు. ఎడమచెయ్యి ఆడకుండా దానిమీద కూర్చోబెట్టి, కుడిచేత్తో పాత తోలుముక్కల మీద కుట్టించాడు, నా కుట్టు తన కుట్టులా వాలేదాకా. వాలింది. వాలాక ఊరంతా, తండ్రి చెయ్యే వచ్చింది అన్నారు. వచ్చింది. నా చెయ్యి ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు తెలుస్తోంది. ఇంత తోలు కోసిన దాన్ని, ఇంతమంది నడక చూసి జబ్బు చెప్పగలిగిన దాన్ని, ఈ చిన్న సంగతి తెలియడానికి నలభై ఆరేళ్ళు పట్టింది. అడవి మనిషికి ఉప్పు అమ్మినందుకు ఆ వారంలోనే చిల్లర కొట్టాయన అద్దాలు పగలగొట్టారు. వాడితో రెండు మాటలు మాట్లాడిన పాపానికి తోళ్ళ వ్యాపారిని స్టేషన్లో మూడు రోజులు కూర్చోబెట్టారు. గాలింపులో వాడి తుపాకీకి మా ఊరి కానిస్టేబుల్ చనిపోయాక అయితే ఊరు ఊరులా లేదు. అలాంటి ఊళ్ళో, హంతకుడి కాళ్ళకి ఈ పిల్ల కుట్టింది అని తెలిస్తే? నాన్న ఆ అచ్చులో నన్ను చూశాడు. గుమ్మం దగ్గర వెలుగులో అంతసేపు చూసింది నన్నే. అచ్చు మీదున్నవి నాలుగు కుట్లు, వెనక్కి. చూసి, అబద్ధం ఆడటం రాని మనిషి గనక ముందు నిజమే చెప్పాడు, నాది కాదని, ఆ వెంటనే నా కోసం అబద్ధమూ ఆడాడు, కుట్టేవాళ్ళు ఇంకెవరూ లేరని. తర్వాత ఊరంతా తిరిగి నన్ను చెరిపేశాడు, నన్ను కాపాడటానికి. ఒక్క మాట చెప్పొచ్చుగా. చెబితే నేను దాచలేనని భయం. గొప్ప కోసం ఎక్కడో ఒకచోట వాగుతానని తెలుసు, తన కూతురే కదా. చివరి రోజుల్లో మంచం మీద ఉన్నప్పుడు నేను కొత్తగా కుట్టిన జత ఇస్తే బొటనవేలితో తడిమి, "సరిగ్గా నా కుట్టులాగే ఉంది" అన్నాడు. అనేసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మెప్పు అనుకుని వారం రోజులు గాల్లో తేలాను. పిచ్చిదాన్ని. ఆయన ఆ గోడవైపు తిరిగి వెతుక్కున్నది రెండోవైపు వాలిన కుట్టునేమో. నాన్నా, ఊ అన్న పదకొండుసార్లూ నిజంగానే అన్నావన్నమాట.

నేను ఏడవటం లేదు. బూటు మీద పడితే ఆ అమ్మాయి ఒప్పుకోదు.

నా సంచిలో ఆరె ఉంది, ఎక్కడికి వెళ్ళినా ఉంటుంది. తోలుముక్క, దారం ఉన్నాయి. ఎడమచేతిలోకి తీసుకున్నాను. మొదటి బెజ్జం వంకర పోయింది, రెండోది నా వేలికే దిగింది, మూడోది కుదిరింది. నాలుగు, ఐదు, ఆరు. భుజం దానంతటదే దిగింది, మణికట్టు దానంతటదే తిరిగింది, ఇన్నాళ్ళూ పక్క గదిలో కూర్చున్న మనిషి పిలవగానే లేచి వచ్చినట్టు. చివర వెనక్కి తిప్పి నాలుగు వేశాను. బూటు పక్కన పెట్టి చూసుకున్నాను. అదే వాటం. పద్నాలుగేళ్ళప్పుడే నేను ఇంత పని చేశాను. మూడొందల మందీ, కుక్కలూ, విమానమూ నలభై మూడు రోజులు నా పని వెంట పడి కూడా దాన్ని తెంపలేకపోయారు. నవ్వొచ్చింది. గర్వంగా ఉంది, ఎందుకు దాచాలి, ఒళ్ళంతా గర్వంగా ఉంది.

కానీ లాండ్రీ అక్క వస్తుంది. కమిటీతో పాటే వస్తుంది, వాళ్ళాయన టోపీ, బెల్టు ఈ బూట్ల పక్కనే అద్దాల్లో పెడుతున్నారు గనక. పన్నెండో రోజున వాడు కొండ చుట్టూ తిరిగి వెనక నుంచి వచ్చి కాల్చింది వాళ్ళాయన్నే, వరసలో చివర ఉన్న కానిస్టేబుల్‌ని. అప్పటికి అక్కకి ఇద్దరు పిల్లలు, ఇరవై తొమ్మిదేళ్ళు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఉతికి పిల్లల్ని పెంచింది. అక్క నోటికి ఊరంతా భయపడుతుంది గానీ నన్నెప్పుడూ ఒక మాట అనలేదు, అమ్మ పోయినప్పుడు పదిరోజులు మా ఇంట్లోనే పడుకుంది. నా కుట్టు అడవిలో ఐదోరోజో ఆరోరోజో ఊడి ఉంటే వాడు కుంటుతూ దొరికిపోయేవాడు. వాళ్ళాయన ఇంటికొచ్చేవాడు. ఈ సంగతి బూటు తిరగేసినప్పుడే తెలుసు నాకు, చుట్టూ తిరిగి వస్తున్నాను అంతే. సంతకం పెట్టేస్తే సరిపోతుంది. అడవి మనిషే కుట్టుకున్నాడు, సైన్యం, ఎడమచెయ్యి, కథ కంచికి. అక్క నన్ను చూసినట్టే చూస్తుంది. నాన్న నన్ను చెరిపిన చోట నేను కూడా ఒక గీత గీసినట్టవుతుంది. పదకొండూ ఇరవై ఎనిమిది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, అందులో అక్కది తెలుస్తోంది, ఎడమ మడమ ఈడుస్తుంది, ఎన్నిసార్లు ఎత్తు వేసి ఇచ్చినా.

తలుపు తీసుకుని ముందు ఆ అమ్మాయి, వెనక రిటైరైన హెడ్మాస్టరు గారు, ఆయనే కమిటీ పెద్ద, ఆ వెనక అక్క వచ్చారు. అమ్మాయి చూపు ముందు గ్లోవ్స్ మీద పడింది. "సంతకం అయిందా అమ్మా?"

"కాలేదు. ఇందులో తప్పు రాశారు. ఈ కుట్టు అడవి మనిషిది కాదు, నాది."

హెడ్మాస్టరు గారు నవ్వబోయి, నా మొహం చూసి ఆగారు. "మీరు కుడిచేత్తో కదమ్మా కుట్టేది" అన్నారు. తోలుముక్కని బూటు పక్కన పెట్టి జరిపాను. నాన్న చెయ్యి తెగడం, పదకొండు జతలు, ఇన్‌స్పెక్టరు, అన్నీ చెప్పాను, తక్కువ మాటల్లో. చెబుతున్నంతసేపూ ఆయన వంక చూడలేదు, అక్క వంకే చూశాను. అమ్మాయి భూతద్దం తీసుకుని మడమ దగ్గర కుట్లు లెక్కపెట్టింది, తోలుముక్క మీద లెక్కపెట్టింది, మళ్ళీ బూటు మీద లెక్కపెట్టింది.

అక్క వచ్చి బూటు చేతిలోకి తీసుకుంది. ఆవిడకి గ్లోవ్స్ ఇచ్చే ధైర్యం ఎవరికీ లేదు. దుప్పట్లు పిండి పిండి కణుపులు లావెక్కిన ఆ వేళ్ళతో అడుగు పట్టుకుని లాగింది, గట్టిగా. ఊడలేదు.

"ఒక్కటీ తెగలేదా?" అంది.

"తెగలేదక్కా." గొంతు తగ్గించి చెబుదామనుకున్నాను. తగ్గలేదు.

"అప్పుడు నీకెన్నేళ్ళు?"

"పద్నాలుగు."

అక్క బూటు కింద పెట్టలేదు. రెండో బూటు కూడా తిరగేసి చూసింది. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "దీని పేరు రాయమ్మా. ఈ కాగితం చింపేసి వేరేది రాయి. పద్నాలుగేళ్ళ పిల్ల కుట్టిందని రాయి, ఎవరూ అడక్కపోతే చెప్పలేదని రాయి" అంది. అని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆయనవి సర్కారు బూట్లే" అంది నాతో, మిగతావాళ్ళు గదిలో లేనట్టే. "పదకొండో రోజుకే నోరు తెరిచాయట. తీగ చుట్టుకుని నడిచాడట. అందుకే అందరికీ వెనకబడ్డాడు. బూటు ఊడి చచ్చిపోయాడంటే నలుగురూ నవ్వుతారని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు నేను." చీర కొంగుతో బూటు మీది దుమ్ము తుడిచి, మడమ దగ్గర నా నాలుగు కుట్ల మీద బొటనవేలు పెట్టింది. "మీ కొట్టు మా ఇంటికి ఎదురుగానే ఉండేది కదే. వెళ్ళేముందు ఒక్కసారి నీకు ఇచ్చి ఉండాల్సింది."